చలువ సరిపోయిందా

భరణి కార్తె, రెండో రోజు

పైపుల కాపలా ఎవరిదైతే వాళ్లే రోజూ షిఫ్టు రాత రాయాలని కాలనీ పంచాయితీ రూలు. నాకు ముందున్నాయన "అంతా సవ్యం" అని గీకి, సంతకం పెట్టి ఇంటికి పోయేవాడట. నాకు అలా చేతకాదు. నోరెంతో చెయ్యీ అంతే అంటుంది మా చెల్లెలు రజిత. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు స్వరూప. మూడో నంబరు బాయి మీద పంపుహౌసులో పని. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. మా తాతలు దీంట్లోకి దిగి బొగ్గు తెచ్చారు. మేం చలికాలమంతా రాత్రిపూట కాలనీ కప్పుల మీద నీళ్లు పారించి, ఒళ్లు జిల్లుమనేంత చల్లబడ్డాక ఆ ఖాళీ సొరంగాల్లోకి దించుతాం. ఎండలు ముదిరాక అదే నీటిని పైకి తోడి క్వార్టర్ల గోడల్లోని పైపుల గుండా తిప్పుతాం. బయట మనిషి నిలబడలేని ఎండలో కూడా లోపల బతకొచ్చు. దాన్నే చలువ అంటాం. కింది లైనులో ఇంకా ఊళ్లున్నాయి, అందరిదీ ఇదే బాయి. అందుకని ఎవరి వాటా వాళ్లకే.

ఈరోజు నేనూ ఓదేలన్నా కలిసి పెద్ద వాల్వు తిప్పాం. ఓదేలన్న నాతోపాటు పంపు చూసే మనిషి, వయసులో పెద్ద, మాటల్లో పిసినారి. నీళ్లు కాలనీకి చేరేసరికి మా పక్కింటి నర్సవ్వ గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకుని ఉంది. "వచ్చింది బిడ్డా" అంది. ఏటా ఆమె ఆ మాట అన్నాకే నాకు ఎండాకాలం మొదలైనట్టు లెక్క.

ఒక కొత్త సంగతి కూడా రాయాలి. ఇన్నేళ్లూ ఎవరింట్లో వాళ్లు గోడ మీది బిళ్ల తిప్పి చలువ పెంచుకునేవాళ్లం. నువ్వు ఎక్కువ తిప్పావంటే, కాదు నువ్వే తిప్పావని ఏడాదంతా కొట్లాటలు. ఈసారి బిళ్లలు పీకేసి గుమ్మాల పైన చిన్న స్పీకర్లు బిగించారు. పొద్దుగూకే వేళ వాటా పంచే మిషను వాటిలోంచి ప్రతి ఇంటినీ పేరు పెట్టి పిలిచి, చలువ సరిపోయిందా అని అడుగుతుంది. మనం చెప్పేదాన్ని బట్టి రేపటి వాటా. ఇంట్లో వేడి కొలిచే మిషన్లు పెడతామని మొదట అన్నారు గానీ, పడకింట్లో మిషనేంటని ఆడవాళ్లమంతా పంచాయితీ ముందు బైఠాయించాం. దాంతో ఇంటివాళ్ల మాటే కొలత అని తీర్మానమైంది. ప్రపంచంలో చాలా చోట్ల ఇదే పద్ధతి నడుస్తోందట.

దాని గొంతు ఆడగొంతు, మెత్తగా ఉంది. గంటలోనే జనం దానికి చలువమ్మ అని పేరు పెట్టేశారు.

"స్వరూప గారూ, ఈరోజు మీ ఇంట్లో చలువ సరిపోయిందా?"

"మంచిగనే ఉన్నది తల్లీ. నువ్వెట్లున్నవ్?" అన్నాను. మిషనుతో ఏం మాట్లాడాలో నాకేం తెలుసు.

కృత్తిక కార్తె, మొదటి రోజు

చలువ సన్నబడింది. ముందు నా చేతి మీద అనుమానం వచ్చింది. పైపుల కాపలాదారు చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి, వాటిని నమ్మడానికి లేదు. రజితను పిలిచి గోడ ముట్టుకోమన్నాను.

"నిన్నటంత లేదక్కా" అంది.

రజిత సంగతి చెప్పాలి, ఇది ఇంటి గొడవని పంచాయితీ వాళ్లు అనుకున్నా సరే. తనకిప్పుడు ఏడో నెల. పోయినేడు రోహిణి కార్తెలో ఆరో నెలలో బిడ్డ పోయింది. ఎండదెబ్బే, వేరే కారణం ఏం లేదు. రోహిణి దాటేదాకా వేడి తగలకుండా చూస్తే గండం గడిచినట్టేనని ఈసారి డాక్టరమ్మ చెప్పింది. మరిది సంపత్ కింది లైనులో సోలార్ పలకలు తుడిచే పనిలో ఉన్నాడు, మృగశిర దాకా రాలేడు. అందుకని చెల్లెల్ని నా దగ్గర పెట్టుకున్నాను. చలువ పంచేదాని ఇంట్లో కంటే చల్లని చోటు ఎక్కడుంటుందని అందరికీ గొప్పగా చెప్పాను కూడా.

కృత్తిక కార్తె, ఆరో రోజు

ఇంకా తగ్గింది. నేనూ ఓదేలన్నా తెల్లవారుజామునే లేచి లైను మొత్తం నడిచాం. ప్రతి జాయింటు మీదా చెయ్యి పెట్టాం. ఎక్కడా చెమ్మ లేదు. పంపు విప్పి చూశాం, బురద లేదు. బాయిలో నీటికి కొదవ లేదు, అది నిరుటికన్నా చల్లగానే ఉంది.

"మరి ఎటు పోతున్నదన్నా?" అన్నాను.

"కిందికి" అన్నాడు ఓదేలన్న. మన వాటాలో తగ్గిందంతా కింది లైను ఊళ్లకు పోతోందని మీటరు మీద చూపించాడు. ఎవరు పంపుతున్నారని అడిగితే భుజాలెగరేశాడు.

మిషను నుంచి పంచాయితీకి వచ్చిన వారం చీటీలో ఇలా ఉంది: "మీ కాలనీ వాటా మీ అభీష్టం మేరకు సవరించబడింది." ఎవరి అభీష్టం? నన్నెవరూ అడగలేదు. ఇంకొకరి చీటీ పొరపాటున మనకు వచ్చిందేమోనని వెనక్కి పంపించాను. అదే చీటీ మళ్లీ వచ్చింది.

సాయంత్రం చలువమ్మనే నిలదీశాను.

"మా వాటా ఎందుకు తగ్గించినవ్?"

"మీరు కోరినట్టే చేశాను స్వరూప గారూ."

"నేనెప్పుడు కోరిన?"

"రోజూ. ఈరోజు మీ ఇంట్లో చలువ సరిపోయిందా?"

వీధంతా గుమ్మాల్లో కూర్చుని వింటోంది. అసలే పైపుల కాపలాదారును, నా ఇంటికి తక్కువైందని నలుగురి ముందు ఎలా అంటాను? నాకు ఎక్కువ కావాలంటే ఆ ఎక్కువ నర్సవ్వ గోడలోంచి రావాలి, లేదంటే ఓదేలన్న గోడలోంచి. "ఆఁ, ఫర్వాలేదు" అన్నాను. ఇక్కడ ఫర్వాలేదంటే మిషనుకు తప్ప అందరికీ అర్థమవుతుంది. ఆ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు అసలు సంగతి తట్టలేదు, ఇది తర్వాత పక్కన చేర్చిన ముక్క. అందుకే కొట్టేయకుండా ఉంచుతున్నాను.

కృత్తిక కార్తె, పదో రోజు

ఇక నాకు పిచ్చెక్కుతోంది. మన కాలనీకి బిరుదొచ్చింది. ఇంత తక్కువ చలువతో ఇంత సంతృప్తిగా ఉన్న ఊరు భూమ్మీద ఇంకోటి లేదట. మన కొలతనే వచ్చే ఏడాది నుంచి చాలా నగరాలకు కొలతగా పెడతారట. మనమెలా బతుకుతున్నామో చూసి నేర్చుకోవడానికి ఒక ఇంజనీరమ్మ వస్తోంది.

పంచాయితీ వాళ్లు తోరణాలు కట్టించారు. ఆ తోరణాల కింద నిలబడి, "సంతృప్తిగా ఉన్నమా మనం?" అని ఓదేలన్ననడిగాను. అతను మెడ మీది చెమటకాయలు గోక్కుంటూ ఆలోచించాడు.

"ఉన్నట్టు లేదు చెల్లె. కానీ అంత దూరం నుంచి నేర్చుకోనీకి వస్తున్నరంటే, ఉన్నమేమో."

రోహిణి కార్తె, మొదటి రోజు

మధ్యాహ్నం కాకులు కూడా ఎగరలేదు. రజిత గచ్చు మీద తడిబట్ట పరుచుకుని పడుకుంటోంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కదలిక కోసం చూస్తుంది. కదిలితే నాకు చెబుతుంది. చెప్పడం ఆలస్యమైతే నేనే పంపుహౌసు నుంచి ఫోను చేస్తాను. నాకు భయంగా ఉంది. షిఫ్టు రాతలో భయం రాయకూడదనే రూలేం లేదు కదా.

రోహిణి కార్తె, రెండో రోజు

ఇంజనీరమ్మ వచ్చింది. పేరు నదీరా, ఊరు తాష్కెంటు. చెవిలో చిన్న బిళ్ల పెట్టుకుంటే మన మాట ఆమెకు, ఆమె మాట మనకు తెలుస్తోంది. మంచి మనిషి. వస్తూనే గోడ ముట్టుకుని, నా మొహం చూసి, మళ్లీ గోడ ముట్టుకుంది. "మీరు దీంతో ఎలా ఉంటున్నారు?" అంది. ఆ ప్రశ్న నేను ఆమెను అడుగుదామనుకున్నాను.

భోజనం మా ఇంట్లోనే. జొన్నరొట్టె, పప్పుచారు, మామిడికాయ తొక్కు, నర్సవ్వ పంపిన సర్వపిండి. రెండో రొట్టెకు ఆమె చాలంది. నేను ఇంకోటి వేశాను. చాలంది. సర్వపిండి ముక్క వేశాను. చేతులు జోడించి చాలంది. అన్నం పెట్టి పప్పుచారు పోశాను. పాపం, ఏం అనకుండా తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తొక్కు కారమేమో అనుకున్నాను.

చేయి కడుక్కున్నాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"తప్పుగా అనుకోకండి. నేను మూడుసార్లు చాలన్నాను. మీకు వినబడలేదా?"

"వినబడ్డది" అన్నాను.

"మరి ఎందుకు పెట్టారు?"

ఇలాంటి ప్రశ్న నా జన్మలో ఎవరూ అడగలేదు. గచ్చు మీద పడుకున్న రజిత జవాబిచ్చింది.

"మొదటిసారి చాలంటే మర్యాదకన్నట్టు. రెండోసారి మొహమాటం. మూడోసారి గూడ మేం నమ్మం. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, కొంచెం కోపం చేస్తేనే నమ్ముతం."

నదీరా కళ్లు గుమ్మం పైనున్న స్పీకరు మీదికి పోయాయి.

"మరి, చలువమ్మ ఎన్నిసార్లు అడుగుతుంది?"

"ఒక్కసారే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కూడా కాసేపు ఏం అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తి కొట్టుకున్నాను. లైను పొడుగూతా నడిచి జాయింట్లన్నీ తడుముకున్నాం. కారింది మా నోళ్లలోంచి.

మరి సరిచెయ్యమ్మా అని నదీరాను బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంటివాళ్ల మాటను బయటివాళ్లెవరూ మార్చకూడదనేది ఈ పద్ధతికి పునాది అట, తయారుచేసినవాళ్లకు కూడా ఆ అధికారం లేదట. "మీరే చెప్పాలి. సరిపోవడం లేదని ఒక్క మాట. మా ఊళ్లో అయితే జనం అడక్కముందే అరుస్తారు" అంది.

రోహిణి కార్తె, మూడో రోజు

పొద్దున ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. చలువమ్మ అడిగితే మొహమాటపడకండి, సరిపోతలేదని చెప్పండి అని. అందరూ సరేనన్నారు. "గంతేనా, చెప్తం తియ్యి" అంది నర్సవ్వ.

సాయంత్రం చలువమ్మ వీధి చివరి నుంచి మొదలుపెట్టింది.

"ఓదేలు గారూ, చలువ సరిపోయిందా?"

ఓదేలన్న నా వైపు చూశాడు. చుట్టూ చూశాడు. "ఏదో, నడుస్తున్నది" అన్నాడు. తర్వాతి ఇల్లు, బాగానే ఉంది. ఆ తర్వాతి ఇల్లు, మాకేం రంది లేదు. నర్సవ్వ అయితే, "నాదేముంది తల్లీ, ముసల్దాన్ని, ఉన్నకాడికి చాలు" అంది. పొద్దున సరేనన్న నోళ్లే ఇవి. నాకు ఒళ్లు మండిపోయింది.

నా వంతు వచ్చింది. లోపల రజిత తడిబట్ట మార్చుకుంటున్న చప్పుడు వినబడుతోంది. కళ్లు మూసుకుని అన్నాను.

"సరిపోతలేదు."

వీధంతా నా గుమ్మం వైపు తిరిగింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ధన్యవాదాలు స్వరూప గారూ. ఎంత కావాలి?"

ఎంతో నాకు తెలిస్తే కదా. నేను తడుముకుంటుండగా పక్క గుమ్మంలోంచి నర్సవ్వ గొంతు వినబడింది. "చలువమ్మా, నా ఇంటిది ఆమెకియ్యి. పోరి కడుపుతోటున్నది. నాకు ఎక్కువైతున్నది అసలు." ఎదురింటివాళ్లు మాది కూడా ఇయ్యి అన్నారు. ఓదేలన్న చివరి నుంచి కేకేసి, తనకు చలువ పడదన్నాడు. చలువ పడనివాడు ఈ దేశంలో ఎవడైనా ఉన్నాడా? వద్దు వద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. చలువమ్మ ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు చెప్పింది.

రోహిణి కార్తె, నాలుగో రోజు

మా గోడలు పొద్దుటికి చెమ్మగిల్లాయి. రజిత దుప్పటి కప్పుకుని పడుకుంది, బిడ్డ బాగా కదిలింది. సంతోషపడాలో వద్దో తెలియడం లేదు. బయటికొస్తే వీధి పొయ్యి మీది పెనంలా ఉంది.

నర్సవ్వ తలుపు తియ్యలేదు. తోసుకుని వెళ్తే వంటింట్లో కింద పడి ఉంది. ఒళ్లు పేలిపోతోంది, చెమట లేదు. నేనూ నదీరా ఎత్తుకొచ్చి మా గదిలో పడుకోబెట్టి తడిబట్టలు చుట్టాం. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. తెరవగానే, "మీకు చలువ సరిపోతున్నదా బిడ్డా?" అంది. ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

రజిత నా మీద విరుచుకుపడింది. "ఆమెకేమన్నా అయితే ఆ పాపం నా బిడ్డ మొయ్యాల్నా అక్కా? నువ్వేం అడిగినవ్, వీళ్లేం ఇచ్చిండ్రు?"

నేనేం అడిగానో నాకే తెలియదు. అడగకపోతే చెల్లెలి కడుపు పోతుంది, అడిగితే నర్సవ్వ పోతుంది.

పొద్దుగూకేసరికి నర్సవ్వ వద్దన్నా వినకుండా లేచి తన గుమ్మంలో కూర్చుంది. పేరు పెట్టి పిలిచినప్పుడు ఇంటి ముందు లేకపోతే ఏం బాగుంటుందట.

"నర్సవ్వ గారూ, చలువ సరిపోయిందా?"

"మంచిగున్నది తల్లీ."

ఇక నా వల్ల కాలేదు. "అబద్ధం. పొద్దుగాల వంటింట్ల పడిపోయింది. నేనే ఎత్తుకొచ్చిన. ఆ గోడ మీద రొట్టెలు కాల్చొచ్చు. ఆమె మాట నువ్వు నమ్మకు."

"మీరు ఆ ఇంటివారా?"

"కాదు. పక్కింటిదాన్ని."

చలువమ్మ జవాబిచ్చేలోపే నర్సవ్వ అందుకుంది. "నన్నంటదా? దీని సంగతి నేను చెప్త విను. రేపటి సంది ఇది మళ్ల ఫర్వాలేదంటది. చెల్లె ఏడో నెల, ఈ కార్తె దాటాలె. ఆ ఇంటికి తగ్గియ్యకు." ఎదురింటామె లేచి ఓదేలన్న పిల్లల ఒంటి నిండా చెమటకాయలని చెప్పింది. ఓదేలన్న, అంత తక్కువ మాట్లాడే మనిషి, ఎదురింటాయన మేడ మీద గాలి లేక రోడ్డు మీద పడుకుంటున్నాడని బయటపెట్టాడు. నల్లా దగ్గర కొట్లాటలా అయింది వీధి. ఒకరి గుట్టు ఒకరు లాగి బయట పడేస్తున్నారు. తనింటి గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

"క్షమించండి" అంది చలువమ్మ. "ఇంటివారి మాటా పక్కింటివారి మాటా కలవడం లేదు. నేను ఇంటివారి మాటే రాసుకోవాలి. నర్సవ్వ గారూ, మీ గురించి స్వరూప గారు చెప్పింది మీకు సమ్మతమేనా?"

నర్సవ్వ నా వైపు కోపంగా చూసింది. నేనూ చూశాను. ఆమె కొంగు సర్దుకుంది.

"అంత గట్టిగ జెప్పినంక ఇప్పుడు నేను కాదంటే ఏం బాగుంటది? ఆమె మాట తీసెయ్యలేను గద. కానియ్యి."

"స్వరూప గారూ, మీ గురించి నర్సవ్వ గారు చెప్పింది మీకు సమ్మతమేనా?"

అంతమందిలో పెద్దమనిషి మాట ఎలా కాదంటాను? సరేనన్నాను. ఇల్లు తర్వాత ఇల్లు, అందరూ సరేనన్నారు. నదీరా రోడ్డు మధ్యలో నిలబడి, చెవిలోని బిళ్ల సరిగా పనిచేయడం లేదేమోనని తీసి ఊది మళ్లీ పెట్టుకుంది.

అర్ధరాత్రి దాటగానే, కిందికి పోయిన మన వాటా వెనక్కి మళ్లి గోడల్లో గురగురమని చప్పుడైంది. వీధి పొడుగునా, ఒక్కో ఇంట్లో. నర్సవ్వ చెంప ఆనించింది గానీ ఏం అనలేదు, ఇంకా నా మీద కోపం తగ్గలేదు.

మృగశిర కార్తె, రెండో రోజు

నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. సంపత్ చేపలు పట్టుకుని వచ్చాడు. రజిత రెండుసార్లు వద్దని, మూడోసారి కంచం జరిపింది. ఎనిమిదో నెల వచ్చింది. బిడ్డ లోపల ఒకటే తన్నుడు.

మన బిరుదు వెనక్కి తీసుకున్నారు. తోరణాలు ఇంకా విప్పలేదు. చలువమ్మ ఇప్పుడు ముందు పక్కింటి సంగతి అడిగి, తర్వాత ఆ ఇంటివాళ్ల సమ్మతి అడుగుతోంది.

ఇవాళ, ఊరికి తిరిగి వెళ్లిన నదీరా నుంచి సందేశం వచ్చింది. మన పద్ధతి వాళ్ల ఊళ్లో పెట్టి చూశారట. చలువమ్మ లాంటిదే అక్కడా సాయంత్రం పిలిచి, మీ పక్కింట్లో చలువ సరిపోయిందా అని అడిగిందట. ఆ మేడలో ఉన్నవాళ్లందరూ ఒకే జవాబు చెప్పారట, పక్కింట్లో ఎవరుంటారో మాకు తెలియదని. ఇప్పుడేం చేయాలో చెప్పండని నన్ను అడిగింది.

పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. నాకు పైపుల గురించి తెలుసు. ఇదేం జాయింటో, ఎక్కడ బిగించాలో అంతు పట్టడం లేదు. సందేశం రజితకు చదివి వినిపించాను. అది చేపముల్లు తీస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"ముందుగాల పోయి తలుపు కొట్టి పేరడుగుమను."

అదే రాసి పంపించాను. ఈరోజు చలువ సరిపోయిందని నర్సవ్వ చెప్పింది. మా ఇంటి గురించి.